ఆమె వైపు చక్రం

తిరుగుతోంది, బాగానే తిరుగుతోంది, బొటనవేలితో నెడితే ముందు కాస్త మొండికేసి ఆ తర్వాత మెల్లగా, పేరుకున్న నెయ్యిలో గరిటె కదిలినట్టు కదులుతోంది, ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే బాల్ జాయింట్ అన్నాక అలాగే ఉండాలి, లొడలొడలాడకూడదు, బిగుసుకుపోకూడదు, ఇంకేం కావాలి, ఇదే బిగించేస్తే కాసేపట్లో బండి జాకీ మీంచి దిగుతుంది, చీకటి పడేలోగా ఫ్రే ఊరు దాటిపోతాం అనుకుంటూ ఇంకొంచెం తిప్పాను, అక్కడ తగిలింది. చిన్న గరుకు. అన్నంలో ఇసుక రేణువంత. తగల్లేదనుకుని మళ్ళీ మొదట్నుంచి తిప్పాను, మళ్ళీ అక్కడే తగిలింది. ఛీ, పాడు వేళ్ళు, ఇన్నేళ్ళు స్టీరింగ్ పట్టుకుని కాయలు కాసిపోయాయి కదా, ఇవాళ ఒక్కరోజైనా మొద్దుబారి చావకూడదా. పైన రేకుల మీద వాన దంచుతోంది, హుయ్ అక్క కొట్టులో పాత గ్రీజు, అగరొత్తులు, తడిసిన అట్టపెట్టెలు అన్నీ కలిసి ఒకటే వాసన, గుమ్మంలోంచి చూస్తే పక్కనే మెకానిక్ సోన్ షెడ్డు, షెడ్డులో ఎడమ చక్రం ఊడదీసిన నా పాత ట్రక్కు మోకాలు విరిగిన గేదెలా ఒరిగి ఉంది, దాని పక్కన తన రేకుపెట్టె మీద కూర్చుని సంగ్వాన్ వానని చూస్తోంది. నన్ను చూడటంలేదు. చూస్తే బాగుండునని ఉంది, చూస్తే ఈ చేతిలోది దాచెయ్యాలనీ ఉంది.

"ఏమిట్రా పన్, దాన్నేమన్నా పెళ్ళి చేసుకుంటావా, అన్నిసార్లు తిప్పి తిప్పి చూస్తున్నావు?" అంది హుయ్ అక్క, గల్లాపెట్టె వెనకాల నుంచి.

"గరుకు తగులుతోందక్కా."

"పాత సామాను కదా, గరుకు లేకుండా ఎలా ఉంటుంది? నా మోకాలు తిప్పి చూడు, అదీ గరుగ్గానే ఉంటుంది. నడవట్లేదా ఏం?"

"ఎవరి బండిదిది?"

"మొక్కజొన్న లోడుతో వాగులోకి దొర్లిందే, దానిదిలే. భయపడకు, డ్రైవరు బతికే ఉన్నాడు. మొన్న ఇక్కడికొచ్చి లాటరీ నంబర్లని చెప్పి నా బుర్ర తినేసి వెళ్ళాడు."

మా పువాలో పాత సామాను కొనే ఎవడైనా ముందు ఆ మాటే అడుగుతాడు, చచ్చినవాడి బండిలోంచి ఊడదీసింది బిగించుకుంటే వాడు కూడా వచ్చి పక్కన కూర్చుంటాడు, నా పక్కన ఇప్పుడు అంత చోటు లేదు, ఉన్న చోటు ఎవరిదో ఈ పాత ఇనుముకైనా తెలియాలి. బతికున్నాడంటే మంచిదే. గల్లాబల్ల మీద ఇంకొకటి ఉంది, కొత్తది, ఏ దేశంలో చేశారో దాని పెట్టెకే తెలియదు, మెరిసే కాగితం అంటించారు, తీసి పట్టుకుంటే గుండు తన బరువుకి తనే తల వాల్చేసింది, నిద్రపోతున్న చంటిపిల్లవాడి మెడలా, గుండు మీద తొడిగే రబ్బరు బూటు చూస్తే బుడగ కన్నా పలచన. హుయ్ అక్క నిజాయితీ గల మనిషి, అది తీసి చూపిస్తూనే, "ఇది ఊళ్ళో కోళ్ళు మోసుకోవడానికిరా, రయాంగ్ దాకా అంటే నేను అమ్మను, అడిగావు కాబట్టి చూపించా" అంది. మూడోది ఇక్కడ లేదు. అసలుది, నా బండి పుట్టినప్పుడు దాని కాలికి ఏది ఉందో అచ్చం అదే, గ్రీజు ఎక్కించడానికి పక్కన చిన్న ముక్కు ఉన్నది, జిల్లా టౌన్‌లో ఒక కొట్టులో జత ఉందట, హుయ్ అక్క ఫోన్ చేసి కనుక్కుంది, సామాన్ల వ్యాన్‌లో వేస్తారు, రేపు పొద్దునకి వస్తుంది. రేపు పొద్దున. ఆ మాట విన్నప్పట్నుంచీ ఈ పాత ముక్కని చేతిలోంచి వదల్లేకపోతున్నాను, ఎందుకంటే సంగ్వాన్ కూతురికి ఇవాళో రేపో నొప్పులొస్తాయి, సంగ్వాన్ రేపు పొద్దునకి ఆ కూతురుండే రయాంగ్‌లో, సముద్రం పక్కన ఉండాలి, ఇంకాసేపట్లో వీధి అవతల స్టాండులోంచి రయాంగ్ బస్సు పోతుంది. బండి లేస్తే నాతో వస్తుంది. లేవకపోతే బస్సెక్కుతుంది. అంతే, ఇందులో తికమక ఏమీ లేదు, తికమకంతా నా బుర్రలోనే ఉంది.

వెళ్ళిపోతోంది. మళ్ళీ రాదట. కూతురు గట్టిగానే పిలిచింది, అమ్మా ఇక చాల్లే ఆ కొండల్లో ఒక్కదానివీ, ఇద్దరు పిల్లల్నీ చూసుకుంటూ మా దగ్గరే ఉండిపో అని, ఉండిపోవడానికే వెళ్తోంది, ఇల్లు మరదలికి అప్పగించేసింది, కోళ్ళని పంచేసింది, వంటింట్లో గోడకున్న మసి కూడా కడిగిందట, ఆ సంగతి విన్నప్పుడు నాకు ఎందుకో అన్నిటికన్నా అదే ఎక్కువ బాధేసింది, మసి కడిగేసిందంటే ఇక రాదు. ఇన్ని వానాకాలాలు, ఇన్ని చలికాలాలు, తెల్లారకముందే పై ఊరి మలుపులో దీపం పట్టుకుని నిలబడేది, కాల్చిన పచ్చిమిరపకాయల పచ్చడి గిన్నె, జిగురన్నం బుట్ట, చిక్కుడుకాయల కట్ట, అన్నీ ముందు ఎక్కించి తర్వాత తను ఎక్కేది, వెనక రెండు బల్లల మీద సంతకెళ్ళే ఆడవాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంటారు, తను మాత్రం ముందు సీట్లో, నా ఎడమ పక్కన. ఎక్కగానే చెప్పులు విడిచేస్తుంది. ఒక కాలు మడిచి సీటు మీద పెట్టుకుంటుంది, రెండోది కింద రేకు మీద ఆనిస్తుంది, మడమలు పగిలిన పాదం, బొటనవేలి గోరు ఎప్పుడో రాయి పడి నల్లబడింది, ఆ గోరు పెరిగి నలుపు పోయేదాకా నేను రోజూ చూశాను, ఎవరికైనా చెప్తే నవ్వుతారు, ఈ మనిషికి చూడటానికి ఇంకేమీ దొరకలేదా అని. దొరకలేదు. పొగ వాసన, కాల్చిన మిరపకాయ వాసన, వెల్లుల్లి వాసన, నా బండి సీటు గుడ్డకి ఆ వాసన పట్టేసింది, మధ్యాహ్నం ఖాళీగా తిరిగొస్తున్నప్పుడు ఎండకి అది పైకి లేస్తుంది, అప్పుడు నేను అద్దం దించను.

చాలామందికి నా గురించి ఒక జోకుంది, చీవరాలు విడిచినా భిక్షువు బుద్ధి పోలేదని. నిజమే, చిన్నప్పుడు విహారంలో చేర్చారు, గడ్డం నెరిసే ముందు దాకా అక్కడే ఉన్నాను, అమ్మకి పక్షవాతం వస్తే చూసేవాళ్ళు లేక బయటికొచ్చాను, అమ్మ పోయింది, ఈ బండి మిగిలింది. భిక్షువు ఆడమనిషి చేతిలోంచి ఏదీ అందుకోకూడదు, మధ్యలో గుడ్డ పరుస్తాడు, దాని మీద పెడితే తీసుకుంటాడు, అది నా చేతుల్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే ఇప్పటికీ ఆడవాళ్ళు డబ్బులిస్తుంటే నా చెయ్యి ముందుకి పోదు, స్టీరింగ్ పక్కన ఒక పసుపు గుడ్డ పరిచి ఉంచాను, అందరూ దాని మీద పెట్టి పోతారు. సంగ్వాన్ కూడా పెడుతుంది, పెట్టి, "ఇదిగో స్వామీ, దక్షిణ, పుణ్యం నాకే రావాలి మరి" అని నవ్వుతుంది. నేను "సాధు" అంటాను. అంతే. ఇన్నేళ్ళలో మేము మాట్లాడుకున్న సరసం అంతకు మించిందేమీ లేదు. వానలెప్పుడు, ఉల్లిపాయల ధర ఎంత, ఎవరింట్లో ఎవరు పోయారు, వంతెన దగ్గర గుంత పూడ్చారా, ఇవే, ఇవే మళ్ళీ మళ్ళీ, కానీ నేను ఇంటికెళ్ళి అన్నం తింటూ ఆ మాటలన్నీ మళ్ళీ మొదట్నుంచి వినేవాణ్ణి, ఉల్లిపాయల ధర కూడా. మొగుడు పోయిన ఏడాది తను చాలా రోజులు నోరు విప్పలేదు, అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చునేది, నేనూ మాట్లాడలేదు, ఆ మౌనంలో కూడా నాకు సుఖంగానే ఉండేది, దేవుడు నన్ను క్షమించాలి.

మళ్ళీ తిప్పాను. తగిలింది. ఈసారి ఇంకొంచెం నెమ్మదిగా తగిలిందా? లేదు, నేనే నెమ్మదిగా తిప్పాను.

దీనంతటికీ కారణం బండి తల్లి. కాదు, కారణం నేనే, తల్లిననుకుని ఏం లాభం. ప్రతి బండిలోనూ ఒక తల్లి ఉంటుంది, పడవల్లో ఉన్నట్టే, ఆవిణ్ణి అడక్కుండా కొత్త టైరు కూడా వెయ్యం, మొన్న సంగ్వాన్ దిగుతూ దిగుతూ, "పన్, మూటలు చాలా ఉన్నాయి, బస్సువాడు గోల పెడతాడు, నువ్వే రయాంగ్‌లో దింపి రాకూడదూ?" అంది, నేను "సరే" అన్నాను, ఇంకో మాట లేదు, సరే, అంతే, తను వెళ్ళాక అద్దానికి కొత్త మల్లెదండ కట్టి, ఎర్ర సోడా సీసా మూత తీసి అందులో స్ట్రా వేసి ముందు పెట్టి, చేతులు జోడించి మొక్కుకున్నాను, తల్లీ, సంగ్వాన్ ఈ బండెక్కి ఊరు దాటకుండా చూడు, నీకు గుడ్లు ఉడకబెట్టి పళ్ళెం నిండా పెడతాను అని. మొక్కేటప్పుడు పేరు, ఊరు, ఏం కావాలి, ఏం వద్దు, అంతా విడమర్చి చెప్పాలని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. మా బున్మా వదిన కొడుక్కి సైన్యం లాటరీలో ఎర్ర చీటీ, అంటే పటాలానికి పట్టుకుపోయే చీటీ, రాకూడదని మొక్కుకుంది, చీటీ తీసే ముందు రోజు వాడు మామిడిచెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు, చీటీ తియ్యనే లేదు, ఎర్రది రాలేదు, ఇక తల్లిని ఎలా తిడుతుంది, మొక్కు చెల్లించి కొడుకుని ఆసుపత్రిలో చూసుకుంది. అంత తెలిసినవాణ్ణి, పదిమంది మొక్కులకి సలహాలు చెప్పినవాణ్ణి, నేను "ఈ బండెక్కి" అన్నాను. తల్లి విన్నది. ఇవాళ పొద్దున మూటలన్నీ ఎక్కించుకుని బయల్దేరి పువా వంతెన దిగీదిగగానే ఎడమ పక్క టక్కుమంది, స్టీరింగ్ నా చేతిలోంచి లాక్కున్నట్టయింది, ఎలాగో సోన్ షెడ్డు దాకా ఈడ్చుకొచ్చాను. సోన్ కింద దూరి చూసి, "బూటు ఎప్పుడో చిరిగింది బాబాయ్, నీళ్ళు పోయి లోపలంతా తుప్పు, ఇది ఎప్పట్నుంచో చస్తూనే ఉంది" అన్నాడు. సోన్ లెక్కలో తల్లి లేదు. నా లెక్కలో ఉంది, తన చేతిలో ఉన్నదేదో తను చేసింది పాపం, తన కాలు తనే విరగ్గొట్టుకుంది. బస్సు ఆవిడ చేతిలో లేదు. బస్సుకి వేరే తల్లి ఉంది.

సంగ్వాన్ ఏదో తింటోంది, పొట్లం విప్పి సోన్‌కి కూడా పెడుతోంది, వాడు నవ్వుతున్నాడు, ఏమంటోందో వానలో వినబడటంలేదు, నాకూ ఒక ముద్ద అట్టేపెట్టిందా, పెట్టే ఉంటుంది. రయాంగ్ దాకా అంటే ఎంత దారి. రాత్రంతా. రాత్రంతా నా ఎడమ పక్కన. మొక్కుకున్న మర్నాడే నాకు బుద్ధి మారింది, వెళ్ళొద్దు అని దేవతలతో బేరమాడటం దేనికి, ఆ దారిలోనే చెప్పేస్తే పోలా అనిపించింది, అప్పట్నుంచి తయారవుతున్నాను, ఫ్రే దాటాక ఒక టీ కొట్టుంది, అక్కడ ఆపి చెప్పాలి, కాదు, అక్కడ లైట్లు ఎక్కువ, మొహం కనబడుతుంది, చీకట్లో బండి నడుస్తుండగానే చెప్పాలి, చూపు రోడ్డు మీద ఉంటుంది కాబట్టి నోరు లేస్తుంది. సంగ్వాన్, నువ్వు ఎక్కని రోజు నేను హారన్ కూడా కొట్టను. ఛ, అదేం మాట, హారన్ గోల ఎందుకు. సంగ్వాన్, నాకు వంట చెయ్యడం వచ్చు. అదీ బాగాలేదు, పనిమనిషి కావాలేమో అనుకుంటుంది. సంగ్వాన్, ఆ పిల్లలు కాస్త పెద్దయ్యాక వెనక్కి వచ్చేస్తావా? ఇది బాగుంది, ఇది అనగలను, దీనికి తను "ఎందుకు?" అంటుంది, అప్పుడు నేనేమంటాను, వానలెప్పుడు అంటాను, నా మొహం. తెల్లారేసరికి సముద్రం వస్తుందట, తను చూడలేదు, నేనూ చూడలేదు, ఇద్దరం ఒకేసారి చూస్తాం, అప్పుడు మాటలు అక్కర్లేకపోవచ్చు, ఎవరికి తెలుసు. ఆ ఒక్క తెల్లవారుజాము కోసం నేను ఏమైనా ఇచ్చేస్తాను, ఈ పాత ముక్కలో ఒక చిన్న గరుకుందా లేదా, అంతేగా, వందసార్లు తిరిగితే ఒకచోట తగిలేది, వాగులో దొర్లినప్పుడు లోపలికి బురద పోయి ఉంటుంది, గ్రీజు కుక్కితే సర్దుకుంటుందేమో, ఇలాంటివి వేసుకుని ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళు లేరా, నేను తిరగలేదా.

"ఇంతకీ ఏదిరా?" అంది హుయ్ అక్క. "ఆవిడ అక్కడ ఎదురుచూస్తోంది, నువ్విక్కడ జపం చేస్తున్నావు."

"కొండ దిగేటప్పుడు నిలబడుతుందంటావా ఇది?"

"నన్నడుగుతావేంట్రా? నేను అమ్ముతాను, కింద దూరి చూడను. నిలబడొచ్చు. నిలబడకపోవచ్చు. నీ చెయ్యేమంటోంది?"

నా చెయ్యేమంటుందో నాకు తెలుసు కాబట్టే కదా చేతిని ఇందాకట్నుంచి తిడుతున్నాను. ఒకసారి చూశాను అలాంటిది, క్యాబేజీ లోడు బండి, కింది జాయింట్ ఊడిపోయి చక్రం పక్కకి పడుకుండిపోయింది, బండి ముక్కు నేలకి గుద్దుకుని ఆ పక్కకే లాక్కుపోయింది, ఆ పక్క కూర్చున్నవాడి కాళ్ళున్న చోట రేకంతా ముడుచుకుపోయి ఉంది, క్యాబేజీలు మాత్రం దెబ్బ తగలకుండా వానలో శుభ్రంగా మెరుస్తున్నాయి. ఇప్పుడు ఊడింది ఎడమ వైపుది. ఇందాకట్నుంచి ఫ్రే అని, టీ కొట్టని, సముద్రమని ఎక్కడెక్కడో తిరుగుతున్న నా బుద్ధి ఈ ఒక్క మాట దగ్గరికి రాకుండా తప్పించుకుంటోంది, ఎడమ వైపు, చెప్పులు విడిచిన పాదం ఆనించే రేకుకి సరిగ్గా కింద. వాన, రాత్రి, వెనక మూటల బరువు, మలుపు మీద మలుపు, ప్రతి మలుపులోనూ ఆ గుండు తిరుగుతుంది, ప్రతి మలుపులోనూ ఆ గరుకు దగ్గరికొస్తుంది, నేను ప్రేమ మాటలు వెతుక్కుంటూ ఉంటాను. అదృష్టం బాగుంటే ఏమీ కాదు. అదృష్టం బాగుండొచ్చు కూడా. కానీ ఆ రాత్రంతా నేను తన మాట వినను, కింద ఏం చప్పుడవుతోందో వింటాను, నాకు కావలసిన ఆ ఒక్క రాత్రి కూడా నాది కాకుండా పోతుంది.

పాత ముక్కని తుడిచి గల్లాబల్ల మీద పెట్టేశాను. చెయ్యి ఒక్కసారిగా తేలికైపోయింది, గుండె మాత్రం కాలేదు.

"అసలువే తెప్పించక్కా. జత."

"మరి ఆవిడ?"

"బస్సుంది కదా."

హుయ్ అక్క కళ్ళద్దాల మీంచి నన్ను చూసింది, ఫోన్ తీసుకుంది. వీధంతటికీ తెలుసేమో నా సంగతి, నేనొక్కణ్ణే రహస్యమనుకుని మోస్తున్నానేమో, పోనీ, తెలిస్తే తెలియనీ. గొడుగు లేకుండానే షెడ్డులోకి నడిచాను, తల తడిసిపోయింది, సంగ్వాన్ అరటాకులో నాకోసం ఉంచిన ముద్ద చూపించింది, ఉంచింది, తెలుసు ఉంచుతుందని.

"సంగ్వాన్, నువ్వు బస్సుకెళ్ళు."

"అదేంటి?"

"సామాను రేపటికి గానీ రాదు."

"హుయ్ అక్క దగ్గర ఉన్నాయని సోన్ చెప్పాడే?"

"ఉన్నాయి. మంచివి కావు."

"ఓహో, ఎప్పట్నుంచి నీకు మంచివి కావాల్సొచ్చాయి? పోయిన వానాకాలమంతా ఆ తలుపుకి తాడు కట్టి తిప్పలేదూ? అప్పుడెక్కి కూర్చున్నాను కదా నేను?"

"అది తలుపు."

"ఇది చక్రం, తెలుసులే." తను లేచి నిలబడింది, ఒళ్ళో పొట్లం మడిచేసింది. "రావడం ఇష్టం లేకపోతే మొన్ననే చెప్పాల్సింది. నేనేమన్నా మెడ మీద కత్తి పెట్టానా? అడిగితే సరే అన్నావు. సరే అనడం తప్ప నీకింకో మాట వచ్చా అసలు?"

రాదు. అదే చెప్దామనుకున్నాను, రాదని, అది కూడా రాలేదు. సోన్ తల దించుకుని పానాలు తుడుస్తున్నాడు. నేను మూటలెత్తాను, రేకుపెట్టె, దుప్పట్ల మూట, ఎండు మిరపకాయల సంచి, అన్నీ వీధి దాటించి బస్సు పొట్టలో సర్దాను, చివర్న రాతి రోలు, పొత్రం దానిలోనే కట్టేసి ఉంది, దాన్ని ఎత్తుకుని వస్తుంటే నడుం పట్టేసింది. బస్సు కుర్రాడు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏంటి పెద్దమ్మా ఇది, కొండని పీక్కొచ్చావా? మా బస్సు టైర్లు పేలిపోతాయి!"

"నీ బస్సు నా కన్నా పాతదేం కాదులే, మొయ్యి" అంది సంగ్వాన్, నన్ను చూడకుండా. మొహం అటు తిప్పుకునే ఉంది, చెవి వెనక తడి వెంట్రుకలు అంటుకున్నాయి, కాల్చిన మిరపకాయ వాసన వానలో కూడా వస్తోంది. మెట్టెక్కింది. ఇంకో మెట్టెక్కింది. వెళ్ళిపోతోంది, నా మీద కోపంతో వెళ్ళిపోతోంది, రయాంగ్‌లో మనవల్ని ఊపుతూ, ఒకడుండేవాడు మా ఊళ్ళో, బద్ధకస్తుడు, దింపుతానని చెప్పి నడిరోడ్డు మీద వదిలేశాడు అని చెప్పుకుంటుంది, అది మాత్రం భరించలేను, మిగతావన్నీ భరిస్తాను.

"పాడైంది ఎడమ వైపుది" అన్నాను.

తను ఆగింది. "అయితే?"

"ఎడమ వైపు నువ్వు కూర్చుంటావు."

కిటికీలోంచి ఒక ముసలావిడ తమలపాకు నమలడం ఆపి నన్ను చూస్తోంది.

"కుడి వైపుదైతే ఆ పాతదే బిగించేసుకుని వచ్చేవాణ్ణి. ఒట్టు. నా వైపుదైతే ఇంత ఆలోచించేవాణ్ణే కాదు."

సంగ్వాన్ మెట్టు మీద నిలబడే నా వైపు తిరిగింది.

"బండి బోల్తా పడితే నీ వైపు, నా వైపు అని ఉంటుందా, పిచ్చి మనిషీ?"

"ఉండదు."

"మరి?"

"తెలీదు. చెయ్యి ఒప్పుకోలేదు." ఊపిరి తీసుకున్నాను, హారన్, వంట, పిల్లలు పెద్దయ్యాక, అన్నీ ఎటో పోయాయి, ఒకటే మిగిలింది. "నువ్వు వెళ్ళిపోవడం నాకిష్టం లేదు, సంగ్వాన్. ఏం చెయ్యాలో తెలీటం లేదు. నాకు ఏడుపొస్తోంది."

"ఎక్కుతావా పెద్దమ్మా, దిగుతావా?" అని కేకేశాడు డ్రైవరు. కిటికీలోని ముసలావిడ, "ఉండవయ్యా, చెప్పనీ" అని వాణ్ణి కసిరింది.

సంగ్వాన్ కండువా కొసతో మొహం తుడుచుకుంది, వాన నీళ్ళేనో ఏమో. గొంతు సవరించుకుని, సంతలో బేరమాడే గొంతుతో అడిగింది.

"రేపు వచ్చే సామాను అసలుదేనా?"

"అసలుదే."

"బిగించాక రయాంగ్ దాకా నమ్మకంగా వస్తుందా?"

"వస్తుంది."

"కొండ దిగేటప్పుడు?"

"దిగేటప్పుడు కూడా."

తను నా మీంచి వెనక్కి, బస్సు కుర్రాడి వైపు చూసింది. "ఒరే అబ్బాయ్, నా మూటలు దింపెయ్. అన్నీ."

"ఇప్పుడేగా ఎక్కించింది!"

"దింపమన్నానా! ఆ రోలు కూడా." తర్వాత నాతో, కోపంగా, నిజంగా కోపంగానే, "నేను చేతిసంచీతో పోతాను, పిల్లకి పురుడు ఆగదు. ఇవన్నీ నువ్వు తీసుకురా. రోలు లేకుండా నేనక్కడ ఏమీ నూరలేను, గుర్తుపెట్టుకో. అడ్రసు ఇందాక మాటల్లో సోన్‌కి చెప్పాను. దార్లో ఎక్కడా నిద్రపోకు" అంది, అని లోపలికెళ్ళి కూర్చుంది.

బస్సు కుర్రాడు గొణుక్కుంటూ మూటలన్నీ సోన్ షెడ్డు చూరు కిందికి విసిరి, రోలు తెచ్చి నా చేతుల్లో పడేసి పరిగెత్తి బస్సెక్కాడు. బస్సు కదిలింది. కిటికీ అద్దం మీద నీళ్ళు, లోపల తనెక్కడుందో సరిగ్గా కనబడలేదు, ముసలావిడ మాత్రం చెయ్యూపింది, నేనూ ఊపుదామంటే చేతుల్లో రోలుంది. హుయ్ అక్క గుమ్మంలోంచి ఏదో అరుస్తోంది, సోన్ నవ్వుతున్నాడు, వాన తగ్గలేదు. రోలు చాలా బరువుగా ఉంది, కింద పెట్టబుద్ధి కాలేదు.